యాభై ఐదు ఓములు

పాసయ్యాను! బీయస్సీ పాసయ్యాను!

హన్మకొండ చౌరస్తాలో పేపరు కొని నిలబడ్డచోటే విప్పాను. లోపలి పేజీలో చీమల బారుల్లా అచ్చేసిన నంబర్లలో నా హాల్‌టికెట్ నంబరు ఉంది. మూడుసార్లు చూశాను. నమ్మకం కుదరక పక్కన చాయ్ తాగుతున్న ఒకాయనకు చూపించి, "అన్నా, జర ఈ నంబరు చదువు. నాకు కండ్లు తిరుగుతానయ్" అన్నాను. ఆయన నా హాల్‌టికెట్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదివాడు. అన్నీ కలిశాయి.

"పాసైనవ్ చెల్లె. ఇగ చాయ్ తాపియ్యి" అన్నాడు.

తాపించాను. నేనూ తాగాను. పేపరు మళ్లీ మడవబోతే సగం చాయ్ దాని మీద ఒలికింది. నంబరు మీద మాత్రం పడలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. మగపిల్లల్లోనూ లేరు, ఆడపిల్లల్లోనూ లేరు. మా తాతది వేలిముద్ర. బాపుది వేలిముద్ర. నన్ను కన్న అవ్వ అయితే వేలిముద్ర వెయ్యమన్నా కొంగు అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతుంది. అట్లాంటి ఇంట్లోంచి భౌతికశాస్త్రం పాసై వచ్చాను. ఎదురొచ్చిన ప్రతివాళ్లనూ ఆపి చెప్పాలనిపించింది. ఇద్దరిని ఆపి చెప్పాను కూడా.

చౌరస్తా పక్కనే ఎస్టీడీ బూత్ ఉంది. అద్దాల గదిలోకి వెళ్లి తలుపు మూసుకుని మొదటి ఫోను మా మేనమామకు చేశాను. ఆయన కాజీపేట రైల్వేలో ఖలాసీ. ఆయన క్వార్టర్‌లో ఫోను లేదు, పక్క క్వార్టర్‌లో ఉంది. అక్కడికి చేస్తే వాళ్లు గోడ మీంచి కేకేసి పిలుస్తారు.

"ఎవలు?"

"నేనే మామా. పాసైన!"

"ఏం పాసైనవ్?"

"డిగ్రీ మామా! బీయస్సీ!"

అవతల రైలు కూత మీంచి అరిచాడు: "మొత్తం పాసైనవా? మల్ల ఏమన్న ఉంచినవా?"

"మొత్తం."

"అగో! నా మాట నిలవెట్టినవ్ బిడ్డా. మీ అత్తకు ఎన్నేండ్ల సంది చెప్తాన, పిల్ల ఎన్నటికన్న గట్టెక్కుతదే అని. నవ్వుతుండె. ఇప్పుడు నవ్వుమను! ఇగ మీ బాపేమన్నడు?"

నేను ఫోను తీగను వేలికి చుట్టుకున్నాను.

"ఏమే, మీ బాపుకు చెప్పినవా లేదా?"

"ఇంక చెప్పలె మామా."

"నాకంటె ముందు ఆయనకు గదనే చెప్పాలె! ఎనుమాములల మిర్పకాయ బస్తాలు మోసి మోసి మనిషి నడుం వంగె. ఎవలకోసం మోసిండు? పెట్టెయ్ ఫోను. ముందుగాల బాపుకు చెయ్."

పెట్టేశాను. బాపు ఎనుమాముల మిర్చి మార్కెట్లో హమాలీ. ఆయన పనిచేసే అడ్తి, అంటే కమీషన్ ఏజెంటు, దుకాణం నంబరు నాకు నోటికి వచ్చు. డయల్ చెయ్యడం మొదలుపెట్టాను. చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయింది. రిసీవరు పెట్టేసి, వెనక నిలబడ్డవాళ్లకు దారి ఇచ్చి, బయట బెంచీ మీద కూర్చున్నాను.

నా సంచిలో పాత ప్రాక్టికల్ రికార్డు ఉంది. జూనియర్ అమ్మాయికి ఇద్దామని తెచ్చాను. దాని వెనక తెల్ల పేజీలున్నాయి. వాటి మీదే ఇది రాస్తున్నాను. బాపుకు నేను చెప్పాల్సింది ఒక్క మాట కాదు, రెండు. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పే ముఖం నాకు లేదు. రెండోది చెప్పే ధైర్యం ఇన్నేళ్లుగా లేదు.

ములుగు రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. బాపుకూ, ఆయన అన్న మా పెదబాపుకూ కలిపి ఒకటే బావి. మేం బాయి అంటాం. నేను బడికి పోయే రోజుల్లో, డెబ్బైల్లో, ఆ బాయి దగ్గరికి కరెంటు వచ్చింది. ఎద్దుల మోట పోయి ఐదు హార్స్‌పవర్ మోటరు వచ్చింది. ఒకరోజు బాపు మిరప తోటకు నీళ్లు, ఒకరోజు పెదబాపు పసుపు చేనుకు. అన్నదమ్ములిద్దరికీ దానిమీద ఎప్పుడూ మాట తేడా రాలేదు.

కరెంటు రోజుకు కొన్ని గంటలే ఇచ్చేవాళ్లు. ఆ కొన్ని గంటల్లోనే చుట్టుపక్కల బాయిలన్నిటి దగ్గరా మోటర్లు ఒకేసారి వేసేవాళ్లు. దాంతో వోల్టేజి పడిపోయేది. అందుకని మా దిక్కు ప్రతి బాయి దగ్గరా మోటరు గదిలో, స్టార్టరు డబ్బా పైన, ఒక మామూలు బల్బు వేలాడదీసేవాళ్లు. బాపుకు మీటరు చదవడం రాదు. బల్బు చదవడం వచ్చు. తెల్లగా వెలిగితే మోటరు వెయ్యాలి. పసుపు రంగుకు తిరిగితే ఆగి చూడాలి. బీడీ నిప్పులా ఎర్రగా ఉంటే స్టార్టరు జోలికే పోవద్దు. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో తెలియదు. అన్నేళ్లలో మా మోటరు ఒక్కసారి కూడా కాలలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వోల్టేజి తక్కువున్నప్పుడు స్టార్టరు పచ్చబటన్ నొక్కితే టక్కున పట్టుకుని, మళ్లీ టక్కున వదిలేస్తుంది. మోటరును కాపాడడానికే అట్లా చేసి పెట్టారు. కానీ ఊళ్లో కొందరు ఆ బటన్ సందులో పుల్ల గుచ్చి, అది వెనక్కి రాకుండా బిగించేవాళ్లు. బాపుకు వాళ్లంటే మంట. "పుల్ల పెట్టేటోడు మోటరుకు పాడె కట్టేటోడు" అనేవాడు. ఎవరి బాయి దగ్గరైనా పుల్ల కనబడితే పీకి పారేసి వచ్చేవాడు.

నేను డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా చలికాలం సెలవులకు ఇంటికి పోయాను. మిరప తోట నిండా పూత, పిందె. నాలుగు రోజులుగా బల్బు ఎర్రగానే ఉంది. నాలుగు రోజులుగా తోటకు చుక్క నీళ్లు లేవు. పొద్దెక్కేసరికి ఆకులు మేకచెవుల్లా వాలిపోతున్నాయి. ఐదో రోజు పొద్దున పది గంటలకు కరెంటు వచ్చింది. బాపు మోటరు గది గడపలో కూర్చుని బల్బు వైపు చూస్తూ బీడీ తాగుతున్నాడు.

"మోటరెయ్యవా బాపు?"

"బల్బు జూడు బిడ్డా. ఎర్రగున్నది."

"ఎర్రగుంటె ఏమైతది?"

"మోటరు కాలుతది."

"ఎందుకు కాలుతది?"

బాపు నోట్లోంచి బీడీ తీసి నా వైపు చూశాడు. ఆయన్ను ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. "ఎందుకంటే... కాలుతది. గంతే."

గంతే అన్న మాట నాకు నచ్చలేదు. అప్పుడప్పుడే కాలేజీలో ఓమ్ నియమం చెప్పారు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవర్. ఇంత పెద్ద కరెంటు రెండు లెక్కల్లో ఇమిడిపోతుందా అని నాకు రోజూ పండగలా ఉండేది. కనబడిన ప్రతి బల్బుకూ, ప్రతి ఇస్త్రీపెట్టెకూ లెక్క కట్టేదాన్ని. ఇప్పుడు మా మోటరు దొరికింది.

మోటరు ఒంటికి అతికించిన రేకు మీద రాసి ఉంది: 440 వోల్టులు, 8 ఆంపియర్లు. చాయ్ కాచుకునే పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసుకుని సున్నం గోడ మీద రాశాను. 440 బై 8. యాభై ఐదు. మా మోటరు నిరోధం యాభై ఐదు ఓములు. తర్వాత బోర్డు మీది వోల్ట్ మీటరు చూశాను. ముల్లు 330 దగ్గర ఉంది. 330 బై 55. ఆరు. ఆరు ఆంపియర్లు. పవర్ కూడా కట్టాను. మామూలప్పుడు 440 ఇంటూ 8, అంటే 3520 వాట్లు. ఇప్పుడు 330 ఇంటూ 6, అంటే 1980 వాట్లు.

"ఎనిమిది పారితేనే కాలని మోటరు, ఆరు పారితె ఎట్ల కాలుతది బాపు?"

"గది ఎట్ల తెలుస్తది నీకు?"

"వోల్టేజి అంటె నూకుడు. కరెంటు అంటె పారకం. నూకుడు తక్కువైతె పారకం తక్కువైతది. మన కాలువ తీర్గనే. తక్కువ పారితె తీగ ఎందుకు వేడెక్కుతది?"

బాపు లేచి గోడ దగ్గరికి వచ్చాడు. బొగ్గు చెదిరిపోతుందని గోడకు వేలు తగలకుండా చూపించి, "గిదేంది?" అన్నాడు.

"యాభై ఐదు."

"గిది మన మోటర్లనే ఉన్నదా?"

"ఆ."

"ఇన్నేండ్ల సంది ఉన్నదా?"

"ఆ బాపు."

నవ్వాడు. "అయితె నాకు తెల్వకుంటనే ఉన్నదన్నట్టు."

లెక్క కట్టేటప్పుడే ఒక సంగతి నా కంటబడింది. ఐదు హార్స్‌పవర్ అంటే 3730 వాట్లు. నా లెక్క ప్రకారం మోటరు తీసుకునేది 3520. తీసుకునేదాని కంటే ఇచ్చేది ఎక్కువ. అట్లాంటి యంత్రం లోకంలో లేదు. నా లెక్క ఎక్కడో తప్పిందని ఆ రెండు అంకెలూ అక్కడే, ఆ గోడ మీదే చెప్పాయి. ఎంత తేడాలే, దగ్గర్లోనే ఉంది కదా అనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని వందలసార్లు ఆ గోడను తలుచుకున్నానో. తలుచుకున్న ప్రతిసారీ ఆ రెండు అంకెలే ముందు కనబడతాయి.

బాపు పచ్చబటన్ నొక్కాడు. టక్. వదిలేసింది. మళ్లీ నొక్కాడు. టక్.

"పుల్ల పెట్టు బాపు" అన్నాను నేను.

ఆయన బల్బు వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. బయటికి పోయి యాప చెట్టు మండ విరిచి, పుల్ల చెక్కి తెచ్చి, బటన్ సందులో గుచ్చాడు. జీవితంలో మొదటిసారి.

మోటరు మూలుగుతూ తిరిగింది. నీళ్లు వచ్చాయి. సగం ధారే, కానీ నీళ్లు. బాపు కాలువ వెంట పార పట్టుకుని పరుగెత్తాడు. మిరప చెట్లతో మాట్లాడుతున్నాడు. "తాగుండ్రి, తాగుండ్రి. మా బిడ్డ లెక్కతోని అచ్చిన నీళ్లు!" నేను అవతలి సాళ్లలో మడవలు తిప్పుతున్నాను. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను. ఇవాళ పేపరులో నంబరు చూసినప్పటి సంతోషం కూడా దానికి సరిపోదు.

అరగంట అయిందేమో. కాలువలో నీళ్లు సన్నబడ్డాయి. ఆగిపోయాయి. గాలికి వార్నిష్ కాలిన వాసన వచ్చింది. ఇద్దరం పరుగెత్తాం. బాపు పుల్ల పీకి పారేశాడు. మోటరు మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. సందుల్లోంచి నల్లటి పొగ వస్తోంది.

ఆ వాసనకే పసుపు చేలోంచి పెదబాపు కేకలేస్తూ వస్తున్నాడు. ఆయన గడప తొక్కేలోపు బాపు భుజం మీది తువ్వాల తీసి, గోడ మీది లెక్కనంతా తుడిచేశాడు. సున్నం మీద బూడిదరంగు మరక మిగిలింది. దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏమైంది తమ్మీ?"

"కాలింది అన్నా."

"బల్బు ఎర్రగ లేదా?"

"ఎర్రగనే ఉండె."

పెదబాపు కింద పడ్డ పుల్లను చూశాడు. వంగి తీశాడు. "పుల్ల పెట్టినవా? నువ్వు?"

"నేనే పెట్టిన. అక్కల్ లేక, తెలివి తప్పి పెట్టిన."

"ఊరందరి బాయిలకాడ పుల్లలు పీకినోనివి! ఊరందరికి నీతులు చెప్పినోనివి! నువ్వు పెట్టినవా? ఎవలు చెప్పిండ్రురా నీకు?"

"ఎవలు చెప్తరు? నాకే పుట్టింది బుద్ధి."

నేను తలుపు పక్కనే ఉన్నాను. నా కుడిచేతి వేళ్లకు ఇంకా బొగ్గు మసి ఉంది. పిడికిలి మూసుకున్నాను. నేను చెప్పిన అని ఒక్క మాట అనలేదు. అంటే నా చదువు అక్కడితో ఆగిపోతుందని నాకు తెలుసు. ఆడపిల్ల చదువు మోటరు కాల్చిందని పెదబాపు ఊరంతా చాటేవాడు. బాపుకూ అది తెలుసు. అందుకే తుడిచాడు.

మోటరును బండి మీద రోడ్డుదాకా, బస్సు టాపు మీద వరంగల్ దాకా తెచ్చాం. మోటర్లకు కొత్త తీగ చుట్టే మేస్త్రి దాన్ని విప్పి, మాడిన చుట్లను బయటికి లాగాడు.

"వోల్టేజి లేనప్పుడు నడిపిండ్రు గదా?"

"ఆ" అన్నాడు బాపు.

"గట్లెట్ల నడిపిండ్రే? వోల్టేజి తగ్గితె మోటరు కరెంటు ఇంక ఎక్కువ గుంజుతది. ఎనిమిది గుంజేది పదకొండు, పన్నెండు గుంజుతది. తెల్వదా?"

బాపు నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో కోపం లేదు. అడుగుతున్నాడంతే.

"అట్ల ఉండదు బాపు. లెక్కల అట్ల రాదు" అన్నాను.

మేస్త్రి పెద్దగా నవ్వాడు. "లెక్కల రాదట! బిడ్డా, నేను తీగ చుట్టబట్టి ఇరవై ఏండ్లు." పక్కనే ఉన్న ఇంకో ఐదు హార్స్‌పవర్ మోటరుకు, బాగున్నదానికి, మీటరు పెట్టి చూపించాడు. "సూడు, మంచిగున్న మోటరు గిట్లుంటది." ముల్లు మూడు ఓముల దగ్గర నిలబడింది. యాభై ఐదు కాదు, మూడు. ఆయన మీటరు పాడైందని అనుకున్నాను. బయటికి వచ్చాక బాపుతో కూడా అదే చెప్పాను. "ఆయన సదువుకోలె బాపు. చేతిపని తెలుసు, లెక్క తెల్వది."

బాపు నా మాటే నమ్మాడు. నన్ను హాస్టల్ దగ్గర దింపి తిరిగి పోతూ అన్నాడు: "నీ లెక్క తప్పుండది బిడ్డా. నేనే పుల్ల వాలుగ గుచ్చిన గావచ్చు."

మోటరు తిరిగి వచ్చేలోపు మిరప తోట నిలువునా ఎండిపోయింది. పెదబాపు పొత్తు వద్దన్నాడు. "పుల్ల పెట్టేటోనితోని నాకు పాలు వద్దు" అని పంచాయితీలో చెప్పాడు. బాయి ఆయన వైపుకే పోయింది. నీళ్లు లేని చెల్క మాకు వచ్చింది. మరుసటేడు బాపు ఎనుమాముల మార్కెట్లో హమాలీగా చేరాడు. మిరప పండించిన మనిషి పరాయివాళ్ల మిరప బస్తాలు వీపున మోస్తున్నాడు. ఊళ్లో ఆయన పేరు పోయి పుల్లోడు అన్న పేరు వచ్చింది. ఆ పేరు ఆయనకంటే ముందే మార్కెట్టుకూ చేరింది.

రెండో ఏడాది ల్యాబులో మా లెక్చరర్ బల్ల మీద చిన్న మోటరు పెట్టి, దానికి అమ్మీటరు కలిపాడు. మోటరు తేలిగ్గా తిరుగుతోంది. ముల్లు కింద ఉంది. "ఒకరు వచ్చి గుడ్డతో ఇరుసును పట్టుకోండి. మరీ గట్టిగా వద్దు" అన్నాడు. నేను పోయి పట్టుకున్నాను. నా వేళ్ల మధ్య మోటరు నెమ్మదించింది. అమ్మీటరు ముల్లు పైకి లేచింది. ఇంకొంచెం పట్టాను. ఇంకొంచెం లేచింది.

"తిరిగే మోటరు తనకు వచ్చే వోల్టేజికి లోపల్నుంచి తనే ఎదురు నిలబడుతుంది. నెమ్మదిస్తే ఆ ఎదురు తగ్గుతుంది, కరెంటు ఎక్కువ గుంజుతుంది" అన్నాడాయన.

"సార్, బాయి మోటరుకు వోల్టేజి తగ్గితే?"

"నీళ్ల బరువు తగ్గదు కదమ్మా. అదే బరువు లాగాలి, కాబట్టి ఇంకా ఎక్కువ గుంజుతుంది. తీగ కాలిపోతుంది."

"మరి రేకు మీది వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే..."

"నడుస్తున్న మోటరుకు ఓమ్ లెక్క కడతారా ఎవరైనా!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. చేతిలో గుడ్డ ఇంకా వెచ్చగా ఉంది.

తీగకు దాని సొంత నిరోధం మూడే ఓములు. మేస్త్రి మీటరు నిజం చెప్పింది. ఎనిమిది బదులు పన్నెండు ఆంపియర్లు పారితే ఆ మూడు ఓముల తీగలో పుట్టే వేడి రెండింతలు దాటుతుంది. ఆ సాయంత్రం హాస్టల్లో, మా మోటరు మూడు ఫేజులదని కూడా కలుపుకుని, అదంతా సరిగ్గా లెక్క కట్టాను. ఇంటికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. ఎవరో చదివి వినిపించాలి కదా, ఆ ఎవరో పెదబాపు ఇంటివాళ్లే అవుతారు కదా అని చించేశాను. అది సాకు. నాకు తెలుసు.

అప్పట్నుంచీ ల్యాబులో నా చేతులు పనిచేయడం మానేశాయి. వోల్ట్ మీటరు, అమ్మీటరు ముందు పెట్టుకుంటే వార్నిష్ వాసన వచ్చేది. థియరీలన్నీ పాసయ్యాను. చివరేడు ప్రాక్టికల్ ఒక్కటే మిగిలిపోయింది. ఒకసారి తప్పాను. రెండోసారి తీగలు తారుమారు చేసి మీటరు కాల్చాను. మూడోసారి సగంలో లేచి వచ్చేశాను. హన్మకొండలోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయాను. వోల్టేజి, కరెంటు ఇస్తే నిరోధం కనుక్కోండి అనే లెక్క వస్తే ఆ పేజీ తిప్పేసేదాన్ని.

మూడోసారి తప్పిన తర్వాత, ఈసారి మొత్తం చెప్పేద్దామని ఎనుమాముల పోయాను. హమాలీలు ముక్కులకు తువ్వాలలు చుట్టుకుని బస్తాల మీద కూర్చుని ఉన్నారు. మిరప ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు.

"ఓ పుల్లోడా! నీ బిడ్డచ్చింది!" అని ఒకాయన కేకేశాడు. ఇంకొకాయన నన్ను చూసి, "ఏం బిడ్డా, పరీక్షల ఈసారి గూడ పుల్లనేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వుతూనే వచ్చాడు.

"మల్ల తప్పిన బాపు."

"పోనీయ్. మల్ల రాయి. ఎద్దు ఒక్క దెబ్బకే దున్నుతదా?"

"బాపు, ఆ మోటరు..."

"మోటరు ముచ్చట ఇప్పుడెందుకే? ఒకటడుగుత చెప్పు. గా యాభై ఐదు పరీక్షల వస్తదా?"

మిరప ఘాటుకు మళ్లీ దగ్గాను.

"గదొక్కటి నాకు మంచిగ యాదికున్నది" అన్నాడు. వేలితో గాలిలో రెండు ఐదులు గీశాడు, బడికి పోయిన పిల్లవాడిలా. "బస్తాల మీద నంబర్లేస్తరు గదా. అన్ని నాకు తెల్వయి. యాభై ఐదు అచ్చిందంటె మాత్రం దూరంకెళ్లే గుర్తుపడత. గిది మా మోటర్ల ఉన్న నంబరు అని వీళ్లకు చూపిస్త. నవ్వుతరు."

ఆయనకు చదవడం వచ్చిన ఒకే ఒక్క అంకె అది. అదీ తప్పు. నేను చాయ్ తాగి తిరిగి వచ్చేశాను.

మొన్న నాలుగోసారి పరీక్ష. చీటీ తీస్తే వచ్చింది: వోల్ట్ మీటరు, అమ్మీటరుతో తీగ నిరోధం కనుక్కోండి. ఈసారి సగంలో లేవలేదు. వోల్టులు పెంచుతూ పోయాను, కరెంటు కొలుస్తూ పోయాను. గీత తిన్నగా వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగాడు: "ఈ నియమం అన్నిచోట్లా వర్తిస్తుందా?"

"లేదు సార్. నడుస్తున్న మోటరుకు వర్తించదు."

"పుస్తకంలో చదివావా?"

"లేదు సార్. చూసిన."

ఆయన తల ఊపి మార్కులు వేశాడు. పేరు కూడా తెలియని మనిషికి, ఐదు మార్కుల కోసం, ఒక్క క్షణంలో చెప్పేశాను. బాపుకు ఇన్నేళ్లలో చెప్పలేదు. పాసైంది ఆ జవాబుతోనే. పేపరులో నా నంబరు పడినప్పట్నుంచీ నవ్వు ఆగడం లేదు, ఈ బెంచీ మీంచి లేచి బూత్‌లోకీ పోలేకపోతున్నాను.

బూత్ ఇప్పుడు ఖాళీగా ఉంది. "చెల్లె, చేస్తవా, పోతవా?" అని బూత్ ఆయన రెండుసార్లు అడిగాడు. చేస్త అన్నాను.

ఫోను చేయాల్సినవాళ్లు:

మామ (చేశాను)

లెక్చరర్ గారు. కాలేజీ ఆఫీసు నంబరు. పాసయ్యానని, ఆ రోజు ఇరుసు పట్టుకున్నది నేనేనని.

తీగ చుట్టే మేస్త్రి. పక్క టైర్ల దుకాణానికి చేసి పిలిపించాలి. ఆయన మాటే నిజమని, ఆయన మీటరు మంచిదేనని.

అవ్వ. ఊళ్లో పోస్టాఫీసుకు. ఫోను చెవికి ఎట్లా పెట్టుకోవాలో ముందు ఎవరైనా చూపించాలి.

పెదబాపు. అదే పోస్టాఫీసుకు. పుల్ల పెట్టమన్నది నేనని. పదిమంది ఉన్నప్పుడు పిలిపించాలి, అందరికీ వినబడేట్టు.

బాపు. అడ్తి దుకాణం. పైవాళ్లందరికంటే ముందు, ఇప్పుడే. మొదట యాభై ఐదు తప్పని చెప్పాలి. పాసైన సంగతి ఆ తర్వాత, ఆయన ఇంకా ఫోను పట్టుకుని ఉంటే.